లెక్కల పేపరు మారినప్పుడల్లా ఏం పోయింది, ఏం వచ్చింది

గుంటూరులో నా దగ్గర లెక్కలు చెప్పించుకునే పదో తరగతి అమ్మాయి ఒకరోజు గ్రాఫు కాగితం మీద ఎక్స్ స్క్వేర్ మైనస్ 3ఎక్స్ మైనస్ 4 అనే బహుపదికి చక్కటి పరావలయం గీసింది. పట్టిక వేసింది, మూలన స్కేలు రాసింది, శూన్య విలువలు మైనస్ 1, 4 అని రాసి గడి కట్టింది. బోర్డు పరీక్షలో అయితే 8కి 8 పడతాయి. "మరి ఎక్స్ బదులు 4 పెడితే ఈ బహుపది విలువ ఎంత వస్తుందమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "అది రెండు మార్కుల ప్రశ్న కదా టీచర్, గ్రాఫులో అడగరు" అంది.

ఆ పిల్ల మొద్దు కాదు, చాలా కష్టపడే పిల్ల. శూన్య విలువ అంటే బహుపదిని సున్నా చేసే ఎక్స్ విలువ అనే అర్థం రెండు మార్కుల గదిలో ఉంది, గ్రాఫు ఎనిమిది మార్కుల గదిలో ఉంది, ఈ రెండు గదుల మధ్య తలుపు ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ గోడ కట్టింది ప్రశ్నపత్రం. మన దగ్గర లెక్కల్లో నిజమైన సిలబస్ పాఠ్యపుస్తకం కాదు, ప్రశ్నపత్రం నమూనా అని చాలాకాలంగా నా నమ్మకం. అందుకని అది ఇక్కడిదాకా ఎలా వచ్చిందో మొదటినుంచి చెప్పుకొస్తాను.

లెక్కలు మన ప్రాంతానికి కొత్త కాదు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన 11వ శతాబ్దం వాడని ఎక్కువమంది అంటారు, ఇంటిపేరులో ఉన్న పావులూరు మన గుంటూరు వైపు ఊరే. ఉన్నదున్నట్టు దించలేదాయన, మూలంలో జైన ప్రస్తావనలున్న చోట శైవ ప్రస్తావనలు పెట్టి, ఇక్కడి చదువరి తనదనుకునేలా లెక్కని మార్చుకున్నాడు. తర్వాత కాలపు వీధిబడుల్లో పరీక్ష అంటే అప్పచెప్పడమే. ఇసుకలో వేలితో రాయడం, ఎక్కాలు గొంతెత్తి వల్లెవేయడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకి చెప్పడం గురించి బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో ప్రభుత్వానికి వివరంగా రాశాడు. ఆ బడుల్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు, అక్కడ అర్థం తెలియని బట్టీ బోలెడంత ఉండేది, ఆడపిల్లలకీ చాలా కులాల పిల్లలకీ అసలు అడుగుపెట్టే వీలే ఉండేది కాదు. ఒక్క సంగతి మాత్రం గమనించాలి. అప్పచెప్పించుకునే మనిషి పిల్లవాడి ఎదురుగా కూర్చునేవాడు. తడబడితే ఎక్కడ తడబడ్డాడో ఆయనకి కళ్లముందే కనిపించేది.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పెట్టాక మెట్రిక్యులేషన్ వచ్చింది, అప్పచెప్పించుకునే మనిషి దూరమైపోయాడు. బెజవాడ, గుంటూరు, బందరు పిల్లలు రాసిన కాగితాల్ని ఎక్కడో కూర్చున్న, వాళ్ల మొహం చూడని మనిషి దిద్దడం మొదలైంది. అంకగణితం, బీజగణితం, యూక్లిడ్ జ్యామితి ఉండేవి. యూక్లిడ్ అంటే ఆ రోజుల్లో నంబర్లవారీగా సిద్ధాంతాలు నేర్చుకుని వాటిని అదే వరసలో తిరిగి రాయడం. దిద్దేవాడికి అది సులువు, ముందు ఫలానా వాక్యం, తర్వాత ఫలానా వాక్యం, ఉందో లేదో చూసుకుంటే చాలు. ఇప్పుడు మనం 'కీ' అంటున్నదానికి, 'స్టెప్పు మార్కులు' అంటున్నదానికి విత్తనం అక్కడే పడిందనిపిస్తుంది నాకు.

20వ శతాబ్దం మొదట్లో మెట్రిక్ స్థానంలో ఎస్ఎస్ఎల్‌సీ వచ్చింది. అందులో నాకు నచ్చే విషయం ఏమిటంటే, పబ్లిక్ పరీక్ష మార్కులతో పాటు బడిలో వచ్చిన మార్కులు కూడా ఆ ఎస్ఎస్ఎల్‌సీ పుస్తకంలో ఎక్కేవి. అంటే రోజూ చూసే మాస్టారి మాటకి కూడా విలువ ఉండేది. ఇంకో సంగతి, మన పెద్దవాళ్లని అడిగితే ఇప్పటికీ చెబుతారు, లెక్కలు రెండు రకాలుగా ఉండేవి, జనరల్ మాథ్స్, కాంపోజిట్ మాథ్స్. బీజగణితం, జ్యామితి గట్టిగా కావాలనుకున్నవాళ్లు కాంపోజిట్ తీసుకునేవాళ్లు, మిగతావాళ్లకి జనరల్. మా పెద్దమ్మకి లెక్కలంటే ప్రాణం, కానీ ఆడపిల్లకి ఆ తలనొప్పి ఎందుకని ఇంట్లోవాళ్లు జనరల్‌లో వేశారు. ఆవిడ 70 ఏళ్లు దాటాక నా దగ్గర కూర్చుని స్పర్శరేఖల పాఠం చదువుకుంది. తర్వాత ఇంటర్మీడియట్ విడిగా వచ్చి, పది అయ్యాక ఇంటర్ అనే పద్ధతి కుదిరాక, పదో తరగతి పిల్లలందరికీ ఒకే లెక్కలు వచ్చాయి. ఆ మార్పు మంచిదే, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు.

నా తరం రాసింది రెండు పేపర్ల కాలంలో. పేపర్ వన్‌లో ప్రవచనాలు, సమితులు, ప్రమేయాలు, బహుపదులు, ఏకఘాత ప్రణాళిక, వాస్తవ సంఖ్యలు, శ్రేఢులు. పేపర్ టూలో జ్యామితి, వైశ్లేషిక రేఖాగణితం, త్రికోణమితి, సాంఖ్యక శాస్త్రం, మాత్రికలు, గణన. ఒక్కో పేపరు 50 మార్కులు. 35 మార్కులకి పార్ట్ ఏ, 15 మార్కులకి పార్ట్ బీ, అదే బిట్ పేపరు, 30 బిట్లు, బిట్‌కి అర మార్కు, చివరి అరగంట దానికే. ఆ అరగంట గుర్తుందా మీకు? హాలంతా ఒక రకమైన గుసగుస లేచేది. బిట్లు అందించడం, అందుకోవడం అనే మాటలు పరీక్షల భాషలో మామూలైపోయాయి. అంతకంటే పెద్ద నష్టం క్లాసులో జరిగింది. రెండు పేపర్లు కలిపి బిట్లకే 30 మార్కులు, పాసవ్వడానికి 35. ఇంక చెప్పేదేముంది, బిట్లు బట్టీ పట్టించి, పేపర్ వన్‌లో 5 మార్కుల గ్రాఫు, పేపర్ టూలో 5 మార్కుల నిర్మాణం నేర్పిస్తే పిల్లవాడు గట్టెక్కేస్తాడు. వెనకబడిన పిల్లలకి మేం టీచర్లం కూడా అదే చెప్పాం, నేనూ చెప్పాను. పాసవకపోతే ఆ పిల్ల చదువు ఆగిపోతుందని భయం. కానీ అలా పాసైన పిల్లలకి నిరూపణ అంటే ఏమిటో తెలియకుండానే పది దాటిపోయింది. థేలీజ్ సిద్ధాంతం వచ్చేది, అది ఎందుకు నిజమో వచ్చేది కాదు.

ఇదే కాలంలో విజయవాడ గైడ్లకి, మెటీరియల్‌కి పెద్ద కేంద్రం అయింది. ఏలూరు రోడ్డు షాపుల్లో, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గర పరీక్షల ముందు నిలబడితే ఏ పాఠం నుంచి ఎన్ని బిట్లు, ఏది ముఖ్యం, ఏది వదిలేయొచ్చు అన్నీ అచ్చులో దొరికేవి. 'వెయిటేజీ' అన్న మాట ఇంట్లో అమ్మానాన్నలకి కూడా వచ్చేసింది. వెయిటేజీ తక్కువున్న పాఠాన్ని చదవకపోవడం తెలివైన పని అయిపోయింది.

2012 నుంచి మార్కుల బదులు గ్రేడ్లు, జీపీఏ ఇచ్చారు. ర్యాంకుల గోల తగ్గుతుందనుకున్నారు, గోల కాస్తా 10 బై 10 గోల అయింది. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

అసలైన ప్రయత్నం ఆ తర్వాత జరిగింది, దాని గురించి కొంచెం ఆగి చెప్పాలి. 2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం, దాన్ని అనుసరించి 2011లో వచ్చిన రాష్ట్ర చట్రం ఆధారంగా పాఠ్యపుస్తకాలన్నీ మారుతూ వచ్చి, 2014లో పదో తరగతికి కొత్త లెక్కల పుస్తకం వచ్చింది. 14 అధ్యాయాలు. మాత్రికలు, ఏకఘాత ప్రణాళిక పోయాయి, సంభావ్యత వచ్చింది. పుస్తకంతో పాటు నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది, అదే సీసీఈ. అందులో లెక్కలకి అయిదు విద్యా ప్రమాణాలు పెట్టారు. సమస్యా సాధనకి 40 శాతం, కారణాలు చెప్పడం–నిరూపణలు చేయడానికి 20, వ్యక్తపరచడానికి 10, అనుసంధానానికి 15, దృశ్యీకరణ–ప్రాతినిధ్యపరచడానికి 15. పుస్తకంలో లెక్కని యథాతథంగా ఇవ్వకూడదు, టీచరే కొత్తగా ప్రశ్న తయారుచేయాలి. చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. 'ఎందుకు?' అన్న ప్రశ్నకి మార్కులు పెట్టిన పద్ధతి నా సర్వీసులో అదొక్కటే. ఒక సంఖ్య 6ఎన్ ప్లస్ 5 రూపంలో ఉంటే అది తప్పకుండా 3ఎన్ ప్లస్ 2 రూపంలో కూడా ఉంటుందా, ఉంటే ఎందుకు, తిరగేస్తే నిజమవుతుందా? ఇలాంటివి క్లాసులో అడిగేవాళ్లం. 8 అనే సంఖ్య 3ఎన్ ప్లస్ 2 రూపంలో ఉంది కానీ 6ఎన్ ప్లస్ 5 రూపంలో లేదు అని ఒక పిల్లవాడు లేచి చెప్పినప్పుడు మిగతావాళ్లు వాడికేసి చూసిన చూపు నాకింకా గుర్తుంది.

అది నిలబడలేదు. 2017 పరీక్షలకల్లా పేపరుకి 40 చొప్పున 80 మార్కులు పబ్లిక్, 20 మార్కులు బడిలో వేసే ఇంటర్నల్ అన్నారు. ఆ 20 మార్కులకి ప్రాజెక్టులు, నోటు పుస్తకాలు, స్లిప్ టెస్టులు చూడాలి. కానీ చాలా ప్రైవేటు బడులు అందరికీ 20కి 20 వేసేస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. నాకు తెలిసిన ఒక బడిలో ఫిబ్రవరిలో ఒక్కరోజు కూర్చుని ఏడాది మొత్తం ప్రాజెక్టులు రాయించారు. 2019లో ప్రభుత్వం ఇంటర్నల్ మార్కులు తీసేసింది, విడి బిట్ పేపరు కూడా తీసేసింది. తీసేయడానికి కారణం ఉంది, కాదనను. అయితే దొంగతనం జరుగుతోందని తాళం వేయాల్సింది పోయి గదే మూసేశారు. పాత ఎస్ఎస్ఎల్‌సీ కాలం నుంచి అప్పుడప్పుడూ తిరిగొస్తున్న ఆలోచన, రోజూ చూసే టీచరు మాటకి విలువ ఇవ్వడం అన్నది, దాంతో మళ్లీ బయటికి పోయింది.

తర్వాత కరోనా. 2020లో, 2021లో పబ్లిక్ పరీక్షలు జరగలేదు. 2022లో రాసిన పిల్లలు ఎనిమిదో తరగతి చివర్లో బడి ఆగిపోయినవాళ్లు, బీజగణితం గట్టిపడాల్సిన వయసు మొత్తం ఫోన్ల ముందు గడిచింది. సరిగ్గా వాళ్లకే లెక్కలు రెండు పేపర్లు పోయి 100 మార్కులకి ఒకటే పేపరు వచ్చింది. 2019లో 94.88గా ఉన్న రాష్ట్ర ఉత్తీర్ణత 2022లో 67.26 శాతానికి పడింది. ఆ జూన్‌లో ఎంతమంది అమ్మానాన్నలు మా గుమ్మం ముందు నిలబడి ఏడ్చారో. "పేపర్ టూ ఉంటే మా వాడు పాసయ్యేవాడు మేడమ్ గారూ" అన్నారు ఒకాయన. ఒక పేపరు పోతే రెండోదాంట్లో కూడబెట్టుకునే వీలు నిజంగానే పోయింది.

ఈ ఒంటి పేపరులో 33 ప్రశ్నలు. 1 మార్కువి 12, 2 మార్కులవి 8, 4 మార్కులవి 8, 8 మార్కులవి 5. అంటే అయిదు లెక్కల మీదే 40 మార్కులు. నేను మొదట చెప్పిన అమ్మాయి గదులు ఇవే.

2024–25లో పదో తరగతికి ఎన్సీఈఆర్టీ పుస్తకం వచ్చింది. దేశమంతా ఒకే స్థాయి అన్నది మంచి మాటే, పోటీ పరీక్షలకి పనికొస్తుందన్నదీ నిజమే. కానీ ఏం పోయిందో కూడా లెక్క చూసుకోవాలి. సమితులు పోయాయి, వాస్తవ సంఖ్యల్లో ఉన్న సంవర్గమానాలు పోయాయి. ఇంటర్ ఎంపీసీలో ప్రమేయాలు వస్తాయి, సమితి అన్న మాట తెలియని పిల్ల దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి? ఎన్సీఈఆర్టీ వాళ్లు కరోనా తర్వాత భారం తగ్గించడానికని యూక్లిడ్ భాగహార న్యాయాన్ని, నిర్మాణాల అధ్యాయాన్ని తీసేశారు. చేత్తో వృత్తలేఖిని పట్టి ఒక చాపం గీసి, ఇంకో చాపం దాన్ని ఎక్కడ ఖండిస్తుందో చూసే పిల్లకి జ్యామితి కంటికి దొరుకుతుంది. అది తీసేయడం నాకు బాధగా ఉంది, దాచుకోను.

బయటి నుంచి చూసే సర్వేలు కూడా ఇదే చూపిస్తున్నాయి. 2024 డిసెంబరులో దేశవ్యాప్తంగా జరిగిన పరఖ్ సర్వేలో లెక్కల సగటు మూడో తరగతిలో 60 శాతం, ఆరులో 46, తొమ్మిదిలో 37. ఆ సర్వేలో బట్టీకి చోటు తక్కువ, పాసు ఫెయిలు లేదు. పై తరగతికి వెళ్లేకొద్దీ పడిపోతున్న ఆ మెట్లు చూస్తే, పదో తరగతిలో నమూనా ఎన్నిసార్లు మార్చినా జారడం అంతకు చాలా ముందే, భిన్నాల దగ్గరే మొదలైందని అర్థమవుతుంది.

మేం టీచర్లం బోర్డు పేపరు మార్చలేం, మా స్లిప్ టెస్టు మార్చగలం. గుంటూరు వాళ్లకి తెలుసు, బ్రాడీపేటలో చిరునామా అంటే 4/14, అంటే 4వ లైను, 14వ అడ్డరోడ్డు. నిరూపక జ్యామితి మొత్తం మన వీధుల్లోనే ఉంది. మొన్న పిల్లలకి ఇలా ఇచ్చాను: నువ్వు బ్రాడీపేట 2/3 దగ్గర ఉన్నావు, స్నేహితురాలు 5/7 దగ్గర ఉంది. రోడ్ల వెంట నడిస్తే ఎన్ని వీధి ముక్కలు, కాకి ఎగిరినట్టు పోతే ఎంత? చాలామంది నడకకి 7 అని, సూటిగా 5 అని రాశారు, సరిగ్గానే రాశారు. ఆ గ్రాఫు గీసిన అమ్మాయి మాత్రం 7 రాసి, రెండోదాని దగ్గర ఆగిపోయింది. కింద ఒక వాక్యం ఉంది: "లైన్ల మధ్య దూరం, అడ్డరోడ్ల మధ్య దూరం సమానమని మీరు చెప్పలేదు టీచర్, సమానమైతేనే 5." నేను తయారుచేసుకున్న కీలో ఆ జవాబు లేదు. ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, సమానం కాకపోతే ఎలా కొలవాలో అడిగాను, సాయంత్రం టేపు పట్టుకుని ఇద్దరం వీధిలోకి వెళ్లాం.