ఏప్రిల్ 1, 1936: కొటియా తగువు పుట్టింది ఆ షెడ్యూలులోనే

కొటియా మళ్ళీ వార్తల్లోకొచ్చింది. సాలూరు పైన కొండల్లోని 21 ఊళ్ళు ఆంధ్రవా, ఒడిశావా అన్నది తగువు. ఒక్కో ఇంట్లో రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు ఉన్న సంగతి అందరికీ తెలుసు. 1968లో కేసు సుప్రీంకోర్టుకెక్కిందనీ, 2021 పంచాయతీ ఎన్నికలతో మళ్ళీ రాజుకుందనీ కూడా తెలుసు. ఒరియా వాళ్ళకు వేరే రాష్ట్రం కోసం ఉద్యమించిన మధుసూదన్ దాస్, ఉత్కళ సమ్మిళని కాలం నుంచి మొదలుపెట్టి చెప్పుకొచ్చినా ఈ తగువు అంతుచిక్కదు. 1936 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఒక ఉత్తర్వునీ, దాని వెనక తగిలించిన షెడ్యూలునీ చదివితే చాలావరకు తేలిపోతుంది.

ఒడిశాలో ఏప్రిల్ 1 ఉత్కళ దివస్, రాష్ట్రం ఏర్పడిన రోజు. బొంబాయి నుంచి సింధు విడిపోయిందీ 1936లో అదే రోజు. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మా ఇండియా నుంచి వేరైంది. రంగూను కూలికి మనుషుల్ని పంపిన మన తీరానికి ఆ రోజుతో రంగూను పరాయి దేశమైంది. మన జిల్లాల వరకు మాత్రం ఆ తేదీ మిగిల్చిన పెద్ద మార్పు పడమటి హద్దు, ఉత్తరపు హద్దు.

భారత ప్రభుత్వ (ఒరిస్సా రాజ్యాంగ) ఉత్తర్వు, 1936. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కొత్త రాష్ట్రానికి ఏమేమి వెళ్తాయో దాని షెడ్యూలు చెబుతుంది. గంజాం జిల్లాను చాలా జాగ్రత్తగా కోశారు. ఏజెన్సీ (కొండ ప్రాంతం) మొత్తం, ఘుమ్‌సర్, ఆస్కా, సురడా, కొడల, ఛత్రపురం తాలూకాలు పూర్తిగా ఒరిస్సాకు ఇచ్చారు. ఇచ్ఛాపురం, బరంపురం తాలూకాల్లో, పర్లాకిమిడి ఎస్టేటులో మాత్రం ఒక గీతకు ఉత్తరాన, తూర్పున ఉన్న భాగమే వెళ్ళింది. ఆ గీత ఎటు నుంచి ఎటు పోతుందో షెడ్యూలు రెండో భాగంలో విడిగా వర్ణించారు. విశాఖపట్నం జిల్లాకు వచ్చేసరికి ఆ శ్రద్ధ లేదు. జయపురం ఎస్టేటు (ఇప్పటి కొరాపుట్ వైపు జమీను), ఆ ఎస్టేటులో చేరని పొట్టంగి తాలూకా భాగం అని ఒక్క వాక్యంలో ముగించారు. గీత గీయలేదు, ఊళ్ళ జాబితా ఇవ్వలేదు.

అంటే 1936లో ఒక ఊరు జయపురం ఎస్టేటులోనో పొట్టంగి తాలూకాలోనో ఉంటే ఒరిస్సాది, సాలూరు తాలూకాలో ఉంటే మద్రాసుది. వినడానికి తేలికే. కానీ ఎస్టేటు హద్దు అంటే ఎవరు ఎవరికి శిస్తు కట్టారన్న లెక్క. తాలూకా హద్దు అంటే ఏ తహసీల్దారు పాలన ఎందాకా అన్న లెక్క. రెండూ ఒకదాని మీద ఒకటి పడవని షెడ్యూలే ఒప్పుకుంది. లేకపోతే ‘ఎస్టేటులో చేరని పొట్టంగి భాగం’ అని వేరుగా రాయాల్సిన పనే లేదు. పడని చోట ఏం చేయాలన్నది మాత్రం చెప్పలేదు.

మైదానంలో అయితే ఇంతటి వాక్యంతో కూడా పని నడిచేది, ఎందుకంటే అక్కడ హద్దు నేల మీద రాళ్ళ రూపంలో ఉంటుంది. 1923 మద్రాసు సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం ముందు సర్వే చేస్తున్నట్టు ప్రకటన వస్తుంది. ఊరి చుట్టూ థియోడలైటుతో కోణాలు, గొలుసుతో దూరాలు కొలుస్తారు. గొలుసు 66 అడుగులు, 100 లింకులు. 80 గొలుసులైతే మైలు. మూడు ఊళ్ళ హద్దులు కలిసే చోట ట్రైజంక్షన్ రాయి పాతుతారు. ఆ రాయి దగ్గర మూడు ఊళ్ళ కరణాలూ మునసబులూ హాజరవ్వాలి. ఆ తర్వాత లోపలి చేలను కొలిచి క్షేత్ర పటాల పుస్తకంలోకి ఎక్కిస్తారు. తగువు లేని హద్దును సర్వే అధికారి అక్కడికక్కడే నిర్ణయిస్తాడు. తగువుంటే విచారించి, కారణాలు రాసి తీర్పిస్తాడు. దాని మీద అప్పీలుంది. అన్నీ ముగిశాక 13వ సెక్షన్ కింద ప్రకటన వస్తుంది. ఆ తేదీ నుంచి మూడేళ్ళలోపు సివిల్ కోర్టుకు వెళ్ళకపోతే హద్దు ఖాయం.

కొండల మీద ఇందులో ఏ మెట్టూ ఎక్కలేదు. ముఠాదారు, అంటే కొన్ని కొండ ఊళ్ళ గుంపుకు పెద్ద, తన ముఠా మొత్తానికి ఇంత అని ఎస్టేటుకు కట్టేవాడు. చేను చేనుకూ శిస్తు లేనప్పుడు చేను కొలిచే అవసరం ఎవరికీ రాలేదు. పోడు ఈ ఏడు ఒక వాలులో, మూడేళ్ళ తర్వాత ఇంకో వాలులో సాగుతుంది. జబ్బు తగిలితేనో గెడ్డ (వాగు) ఎండితేనో ఊరే లేచి ఇంకోచోట కుదురుకుంటుంది, పేరు మాత్రం అదే ఉంటుంది. అలాంటి ఊరు ఏ తాలూకాలోదని అడిగితే దొరికేది శిస్తు కట్టిన రసీదో, పెద్దల మాటో తప్ప సర్వే రాయి కాదు.

ఇక పటాల సంగతి. అప్పట్లో కొండ ప్రాంతాలకు ఉన్నది మైలుకు అంగుళం పటం. దాని మీద అర మిల్లీమీటరు మందాన సిరాగీత గీస్తే నేల మీద అది దాదాపు 32 మీటర్ల పట్టీ అవుతుంది. మైలుకు 16 అంగుళాల గ్రామపటంలో అదే గీత 2 మీటర్లే. పది గడపల కొండ ఊరు మొత్తం 32 మీటర్ల పట్టీలో ఇమిడిపోతుంది. పటంలో గీత ఆ ఊరి మీదుగా పోతే, ఊరు ఎటువైపుదో పటం చెప్పలేదు. పటం చూపించి వాదించేవాళ్ళు, వాళ్ళు ఏ రాష్ట్రం వాళ్ళైనా, ముందు ఆ పటం ఏ స్కేలుదో చెప్పాలి.

పర్లాకిమిడి వైపు గీతను అంత వివరంగా ఎందుకు రాశారంటే అక్కడ జనం పోట్లాడారు కాబట్టి. పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళి ఒరియా రాష్ట్రం అడిగారు. 1933లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రంలో పర్లాకిమిడి ఒరిస్సా కింద లేదు. 1934లో బ్రిటిష్ పార్లమెంటు జాయింట్ కమిటీ పర్లాకిమిడి పట్టణాన్నీ, ఎస్టేటులో కొంత భాగాన్నీ, కొండలనూ, జయపురాన్నీ చేర్చమంది. తాలూకా మొత్తాన్ని ఒరిస్సాలో కలపాలని రాజు పట్టుబడితే, తెలుగువాళ్ళ తరఫున ఎదురు నిలిచింది గిడుగు రామమూర్తి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన మనిషి. అర్జీల మీద అర్జీలతో ఆయన నడిపిన వాదన వల్లే తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న భాగం మద్రాసులో మిగిలింది. పట్టణం మాత్రం దక్కలేదు. కొత్త రాష్ట్రం ప్రారంభోత్సవం జరిగే రోజు ఉదయమే ఆయన పర్లాకిమిడి విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. శేషజీవితం అక్కడే గడిపి 1940 జనవరి 22న కన్నుమూశారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్ని ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. హద్దు కోసం చేసిన ఈ పోరాటానికి కూడా అంత చోటు దక్కాలి. పాతపట్నం, టెక్కలి ఈ రోజు శ్రీకాకుళం జిల్లాలో ఉండడంలో ఆయన చెమట ఉంది.

రాజు వైపు నుంచి చూస్తే లెక్క వేరు. ఎస్టేటులో పెద్ద భాగాన్ని మద్రాసుకు వదిలి మరీ ఆయన ఒరిస్సాను ఎంచుకున్నారు. 1937 ఏప్రిల్ 1న, రాష్ట్రం ఏర్పడి ఏడాది తిరిగిన రోజునే, ఒరిస్సా మొదటి ప్రధానమంత్రి (అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వాధినేతను అలాగే పిలిచేవారు) అయ్యారు. ఆయన ఎస్టేటుకు ఏప్రిల్ 1తో ఇంకో ముడి ఉంది. నౌపడా నుంచి పర్లాకిమిడికి రెండడుగుల ఆరంగుళాల గేజి రైలు 1900 ఏప్రిల్ 1న మొదలైంది. నౌపడా, టెక్కలి, పాతపట్నం మీదుగా 40 కిలోమీటర్ల దారి. ముప్ఫై ఆరేళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలోనే నడిచిన బండి 1936లో అదే తేదీ నుంచి రాష్ట్రం దాటి నడవసాగింది.

గొడవ పడిన చోట గీత వచ్చింది. సాలూరు కొండల్లో జాతాపులకూ కొండదొరలకూ గదబలకూ లండన్ వెళ్ళే రాజూ లేడు, అర్జీలు రాసే గిడుగూ లేడు. అక్కడ ఎస్టేటు పేరుతో సరిపెట్టారు. కొటియా సమస్యకు మూలం ఇదే.

గీత ఉన్నంత మాత్రాన అన్నీ సర్దుకున్నాయనీ కాదు. భామిని దగ్గర వంశధార కుడి గట్టు ఆంధ్ర, ఎడమ గట్టు ఒడిశా. నేరడి దగ్గర బ్యారేజీ కట్టాలంటే ఎడమ కొమ్ము ఆనించడానికి ఒడిశాలో 106 ఎకరాలు కావాలి. నీళ్ళు చెరి సగమని 1962లో ఒప్పుకున్నా, ఆ 106 ఎకరాలు తేలడానికి 2017 సెప్టెంబరు 13 నాటి ట్రిబ్యునల్ తీర్పు దాకా ఆగాల్సి వచ్చింది. నది హద్దైతే కనీసం ఎక్కడ తగువో కనిపిస్తుంది.

ఒడిశా వాదన ఇది. కొటియా ఊళ్ళు జయపురం ఎస్టేటువి, కాబట్టి షెడ్యూలు ప్రకారం కొరాపుట్ జిల్లావి. 1920, 1923, 1927 నాటి మద్రాసు ప్రభుత్వ నోటిఫికేషన్లను వాళ్ళు ఆధారంగా చూపుతారు. 2021లో గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరుల్లో ఎన్నికలు పెట్టడం కోర్టు ధిక్కారమనీ, తమ ఊళ్ళకు పేర్లు మార్చారనీ పిటిషను వేశారు.

ఆంధ్ర వాదనకు ఆధారం పాలన. ఈ ఊళ్ళు సాలూరు తాలూకాలో ఉండేవి, సాలూరు అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటేస్తున్నాయి, సంతకూ ఆసుపత్రికీ దిగేది సాలూరుకే. ఎస్టేటు అన్న మాట మీదే ఒడిశా నిలబడితే, 1948 చట్టంతో మద్రాసులో ఎస్టేట్లు రద్దయి, ఊరూరా సర్వే, సెటిల్‌మెంటు జరగాల్సి వచ్చినప్పుడు ఆ పని ఏ వైపు అధికారులు ఎక్కడిదాకా చేశారో చూడాలి. ఎవరి సర్వే వాళ్ళ హద్దు దగ్గర ఆగింది, మధ్యలో కొండ మిగిలింది. కొటియా కింద లెక్కించే 28 ఊళ్ళలో ఏడింటిపై పేచీ లేదు. మిగిలిన 21 ఊళ్ళు సర్వే అందని మధ్య జాగాలోవి. అక్కడ రాతను మించిన సాక్ష్యం వాడుకే. ఆ వాడుక ఎవరిదన్నది జమాబందీ (ఏటా శిస్తు లెక్క తేల్చే) లెక్కల్లో తేలాలి. ఇక్కడ ఒక చిక్కుంది, లెక్కలు చూసేవాళ్ళు గమనించాలి. భూమి శిస్తుకు ఏడాది ఫసలీ, జులై 1 నుంచి జూన్ 30 వరకు. రాష్ట్రం మారింది ఏప్రిల్ 1న, అంటే ఫసలీ 1345 ఇంకా మూడు నెలలు మిగిలి ఉండగా. ఆ ఒక్క ఫసలీ చూసి తీర్మానిస్తే పొరపడతాం. దానికి ముందు ఫసలీ, తర్వాత ఫసలీ పక్కపక్కన పెట్టాలి.

సుప్రీంకోర్టు 1968 డిసెంబరు 2న యథాతథ స్థితి కొనసాగించమంది. ఒడిశా వేసిన దావాను 2006 మార్చి 30న సాంకేతిక కారణాలతో కొట్టేస్తూ, రెండు రాష్ట్రాల అంగీకారంతో మళ్ళీ అదే స్థితి ఉంచమంది. 2021 నవంబరు 9న ఇద్దరు ముఖ్యమంత్రులూ భువనేశ్వర్‌లో కలిసి ప్రధాన కార్యదర్శుల కమిటీ అనుకున్నారు. రాష్ట్రాల హద్దు మార్చే అధికారం మూడో అధికరణం కింద పార్లమెంటుది. కానీ ఉన్న హద్దు ఎక్కడుందో చెప్పడానికి పార్లమెంటు అక్కర్లేదు, 1968 డిసెంబరు నాటి రికార్డు కావాలి.

ఆ రికార్డు కోసం ఎక్కడ వెతకాలన్న దగ్గరే పని తప్పుతోంది. కొటియా మీద అడిగితే అందరూ పార్వతీపురం వైపో విజయనగరం వైపో చూస్తారు. పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్ 4న వచ్చింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న పుట్టింది. 1950 ఆగస్టు 15న విశాఖ నుంచి శ్రీకాకుళం జిల్లాను విడదీసినప్పుడు సాలూరు తాలూకా అందులోకే వెళ్ళింది, 1979 దాకా అక్కడే ఉంది. యథాతథ స్థితి ఉత్తర్వు వచ్చిన రోజున ఆ ఊళ్ళ మీద ఆంధ్ర తరఫున సంతకం పెట్టాల్సింది శ్రీకాకుళం కలెక్టరు. పైగా 1969 నవంబరులో సాలూరు తాలూకా నుంచి 63 ఊళ్ళు, బొబ్బిలి నుంచి 44 ఊళ్ళు విశాఖ జిల్లా గజపతినగరం తాలూకాలో కలిశాయి. అంటే 1968 నాటి సాలూరు తాలూకా ఊళ్ళ జాబితా, 1971 జనాభా లెక్కల్లోని జాబితా ఒకటి కావు. ప్రధాన కార్యదర్శుల కమిటీ ముందు పెట్టాల్సింది 1950 నుంచి 1968 వరకు శ్రీకాకుళం జిల్లా సాలూరు తాలూకా జమాబందీ చిట్టాలు, ఓటర్ల జాబితాలు, 1951, 1961 జనాభా లెక్కల ఊళ్ళ పట్టికలు. వాటి పక్కన 1936కు ముందు విశాఖపట్నం జిల్లా పొట్టంగి తాలూకా పట్టికలు. 21 పేర్లు ఆ రెండింటిలో ఎక్కడ కనిపిస్తాయో ఊరి వారీగా రాస్తే, ఎన్ని ఊళ్ళ మీద నిజంగా తగువుందో తెలుస్తుంది.