జీఐ బిల్లు అంటే ఉచిత కాలేజీ కాదు: 1945-60 అమెరికాపై అపోహలు, వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా ఎలా మారిందన్న దానిమీద ఏ సెమినార్ పేపర్ తీసినా మొదటి పేజీలో ఇదే ఉంటుంది: జీఐ బిల్లుతో (యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు చదువు, ఇంటి రుణం వంటి సాయం ఇచ్చిన చట్టం) సైనికులంతా ఉచితంగా కాలేజీ చదివేశారు, ఇల్లు కూడా ప్రభుత్వమే ఇచ్చింది, మధ్యతరగతి పుట్టింది. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐలు కడుతున్నవాళ్లు దీన్నే నిట్టూరుస్తూ షేర్ చేస్తారు. వాళ్ల బాధ అర్థమవుతుంది, లెక్క మాత్రం తప్పు.

అపోహ: జీఐ బిల్లు అంటే కాలేజీ.

వాస్తవం: 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఈ చట్టం కింద చదువో శిక్షణో పొందినవాళ్లు సుమారు 78 లక్షలు. అందులో కాలేజీ గడప తొక్కింది 22 లక్షల మందే. 35 లక్షల మంది ట్రేడ్ స్కూళ్ల వంటి వాటిలో చేరారు, 14 లక్షల మంది పనిలో ఉంటూనే నేర్చుకున్నారు, దాదాపు 7 లక్షల మంది వ్యవసాయ శిక్షణకు వెళ్లారు. మన మాటల్లో, డిగ్రీ కన్నా ఐటీఐ, అప్రెంటిస్‌ల వాటాయే పెద్దది. కాకపోతే 1947లో కాలేజీ విద్యార్థుల్లో దాదాపు సగం మంది మాజీ సైనికులే కాబట్టి అందరి కళ్లకూ క్యాంపస్సే కనబడింది. రేడియో రిపేరు నేర్చుకునేవాడిని ఎవరు ఫొటో తీస్తారు?

ఎవరికి ఎంత? కనీసం 90 రోజుల సర్వీసు ఉండాలి. 12 నెలలకు సర్వీసు చేసిన నెలలు కలపాలి, గరిష్ఠం 48. అంటే రెండేళ్లు పనిచేసినవాడికి 36 నెలలు. ఫీజు ఏడాదికి 500 డాలర్ల దాకా ప్రభుత్వం నేరుగా సంస్థకే కట్టేది. ఖర్చులకు నెలకు 50 డాలర్లు, ఆధారపడినవాళ్లుంటే 75. 1945 చివర్లో ఇవి 65, 90 అయ్యాయి.

తేడా కొట్టింది ఆ 500 దగ్గరే. డబ్బు నేరుగా తమకే వస్తోంది కదా అని ప్రైవేటు ట్రేడ్ స్కూళ్లు పుట్టగొడుగుల్లా లేచి ఫీజులు పెంచేశాయి. అందుకే 1952లో కొరియా యుద్ధ సైనికులకు చేసిన చట్టం ఆ పద్ధతి ఎత్తేసి, ఫీజుకూ ఖర్చుకూ కలిపి ఒంటరివాడికి నెలకు 110 డాలర్లు చేతికే ఇచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ గొడవలు చూసినవాళ్లకు కారణం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక ఇల్లు. అప్పు ఇచ్చింది బ్యాంకు. ప్రభుత్వం ఇచ్చింది హామీ మాత్రమే: అప్పులో సగం, అదీ మొదట 2,000 డాలర్లు, 1945 చివర్లో చేసిన సవరణ తర్వాత 4,000 మించకుండా. బ్యాంకు మేనేజరు తల అడ్డంగా ఊపితే ఆ హామీ చిత్తుకాగితమే. 1947లో మిసిసిపీలోని 13 పట్టణాల్లో ఇళ్లకు, వ్యాపారాలకు, పొలాలకు ఇలా హామీతో ఇచ్చిన 3,229 రుణాల్లో నల్లజాతివారికి దక్కినవి రెండు. చట్టంలో రంగు మాటే లేదు, కానీ అమలంతా స్థానిక బ్యాంకుల, ఆఫీసుల చేతుల్లో ఉంది.

న్యూయార్క్ దగ్గర లెవిట్ కంపెనీ ఒకేలాంటి ఇళ్లతో కట్టిన కాలనీ లెవిట్‌టౌన్. ఆ ఇళ్లు ఫ్యాక్టరీలో తయారై వచ్చాయన్నది సగం నిజం. కలప ముందే కోసి తెచ్చేవారు, ఇల్లు మాత్రం 60 అడుగులకు 100 అడుగుల స్థలంలోనే లేచేది. పని రెండు డజన్లకు పైగా అంచెలు. ఇల్లు కదలదు, పనివాళ్లే వరసగా ఇంటింటికీ కదులుతారు. ఖర్చు తగ్గించడానికి సెల్లార్ తీసేసి, కాంక్రీటు నేలలోనే వేడినీళ్ల గొట్టాలు పరిచారు. తర్వాత లీకైతే నేల పగలగొట్టడమే.

టీవీ వచ్చి సినిమా హాళ్లను మింగిందా? ప్రేక్షకుల సంఖ్య 1946లో శిఖరానికి చేరి, మరుసటేడు నుంచే తగ్గింది. 1950లో కూడా టీవీ ఉన్న ఇళ్లు నూటికి 9. చంటిపిల్లలు, ఊరికి దూరంగా కొత్త ఇల్లు ఉన్నవాళ్లు సిటీలోని హాలుకి ఎలా వెళ్తారు?

పరీక్ష ముందు తేదీలు కలగాపులగమవుతున్నవాళ్లు కంగారు పడొద్దు: 44, 52, 58 వరసలో పెట్టుకుంటే చాలు. 58 అంటే సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరిన మరుసటేడు వచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టం. అది సైన్సుకే అనడం కూడా తప్పే. విదేశీ భాషల బోధనకు అందులో ప్రత్యేక భాగం ఉంది. అమెరికన్ యూనివర్సిటీ లైబ్రరీల్లో కనిపించే పాత తెలుగు పుస్తకాలను మాత్రం దీని ఖాతాలో వేయకండి. వాటిలో చాలా వరకు పీఎల్-480 (అమెరికా ఆహార సాయ చట్టం) గోధుమలకు మనం రూపాయల్లో కట్టిన సొమ్ముతో 1962 నుంచి కొన్నవి.