వాగంటే 9, నాలా అంటే 2: అనంతపురం పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీ సోషల్ పుస్తకంలో స్థానిక సంస్థల పాఠం ఉంటుంది. మేయరు, కమిషనరు, వార్డులు, పన్నులు అంటూ నాలుగు పేరాల్లో అయిపోతుంది. పరీక్షకు అది చాలు. వాన పడిన రాత్రి మీ వీధిలో మోకాలి లోతు నీళ్లు ఎందుకు నిలుస్తాయో, పక్క వీధిలో ఎందుకు నిలవవో మాత్రం అందులో దొరకదు. దానికి మున్సిపాలిటీలో ఏ కాగితం ఎవరి బల్ల మీదికి పోతుందో కాస్త తెలిసుండాలి.

మనూరి మధ్యగా పోయే నడిమి వంక (వంకంటే వాననీళ్లు పారే దారి) నుంచే మొదలుపెడతాను. ఏడాదిలో పది నెలలు దాన్ని చూస్తే వంక అనిపించదు. కంపచెట్లు, ప్లాస్టిక్ కవర్లు, మధ్యలో సన్నగా పారే మురికినీళ్లు. మన దగ్గర ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. అందుకే వంక పక్కన జాగా కొనేవాళ్లు "ఈ కరువు నేలలో వరదెక్కడిది" అనుకుంటారు. వాన తక్కువంటే రోజూ కొంచెం కొంచెం పడుతుందని కాదు కదా. నెలంతా ఎండగొట్టి ఒక్క రాత్రి కుమ్మరిస్తుంది. పైన చెరువులు నిండి మరువలు (నిండిన చెరువు నీళ్లు బయటికి పొర్లే చోట్లు) పారాయంటే ఆ నీళ్లన్నీ వంకలోకే దిగాలి. 2022 అక్టోబరులో అదే జరిగింది. వంక పక్కన కాలనీలకు కాలనీలే మునిగాయి. మంచాలు, బియ్యం, పిల్లల పుస్తకాలు అన్నీ బురదే.

2017 నాటి మన రాష్ట్ర భవన నిర్మాణ నియమాల్లో దీనికొక లెక్క ఉంది. ఊరి హద్దు లోపల నది గట్టు నుంచి 50 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లు, ఆపైన విస్తీర్ణమున్న చెరువైతే నిండు నీటి మట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటైతే 9 మీటర్లు. వాగుకైనా కాలువకైనా హద్దు నుంచి 9 మీటర్లు. నాలాకు, అంటే ఊరి మురుగు, వాననీళ్లు పారే పాయకు, 2 మీటర్లు. ఆ వదిలిన చోట ఇల్లు లేవకూడదు.

చివరి రెండు అంకెలూ మళ్లీ చదవండి. వాగంటే 9, నాలా అంటే 2. ఒకే ప్రవాహాన్ని కాగితం మీద ఏ పేరుతో పిలిచారన్న దానిమీద 7 మీటర్లు, అంటే 23 అడుగులు, అటో ఇటో అవుతాయి. వంక గట్టున వరుసగా నిలబడ్డ ఇళ్ల వెడల్పు చాలాచోట్ల అంతే ఉంటుంది. కాబట్టి ఎవరైనా "మాకు అనుమతి ఉంది" అంటే, ప్లానులో వంకను ఏమని రాశారో, హద్దు ఎక్కణ్ణుంచి కొలిచారో చూడాలి. అసలు హద్దు రెవెన్యూ వాళ్ల ఎఫ్‌ఎంబీలో, అంటే పొలం కొలతల పుస్తకంలో, ఉంటుంది. వంక పోరంబోకు ఇన్ని లింకుల (సర్వే గొలుసు కొలత) వెడల్పు అని గీసి ఉంటుంది. ఈరోజు నీళ్లు పారుతున్న చోటు హద్దు కాదు. పూడిపోయి సన్నబడ్డ వంక ఒడ్డు నుంచి టేపు పట్టుకుని కొలిస్తే ఎవరి ఇల్లయినా నియమాల ప్రకారమే ఉన్నట్టు కనబడుతుంది.

ఇంకో చిక్కు. రుద్రంపేట, నారాయణపురం, కక్కలపల్లి కాలనీ, రాజీవ్ కాలనీ చూస్తే ఊర్లోనే ఉన్నట్టుంటాయి. రోడ్డు ఒకటే, ఆటో చార్జీ ఒకటే. కానీ అవి చాలాకాలం పంచాయతీలుగానే ఉంటూ వచ్చాయి. వంక మాత్రం ఎవరి హద్దూ చూడదు. పైన పంచాయతీలో పూడిక తీయకపోతే కింద కార్పొరేషన్ డివిజన్ మునుగుతుంది. వంక పోరంబోకు రెవెన్యూది, పైన చెరువు నీటిపారుదల శాఖది, వంతెన ఒక్కోసారి ఆర్‌ అండ్‌ బీ (రోడ్లు, భవనాల శాఖ)ది. "ఎవరూ పట్టించుకోరు" అని మీ ఇంట్లో అంటుంటారే, చాలాసార్లు అది అర్జీ తప్పు గుమ్మంలో పడడం వల్లే.

ఇక ఇల్లు. నగరపాలక సంస్థలో 50 డివిజన్లు, డివిజన్‌కు ఒక కార్పొరేటరు, వాళ్లలోంచి మేయరు. అయితే ఇంటి ప్లాను పాసు చేసేది కౌన్సిల్ కాదు. ఆ అధికారం కమిషనరుది, చూసేది టౌన్ ప్లానింగ్ విభాగం. లైసెన్సు ఉన్న ఇంజనీరు ప్లాను గీసి ఆన్‌లైన్‌లో పెడతాడు. స్థలం దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే జాగా అన్నీ అందులో ఉండాలి.

ఆ వదిలే జాగా దగ్గరే గొడవంతా. మనూళ్లో ఎక్కువగా కనబడే 30 అడుగులు ఇంటూ 50 అడుగుల స్థలం తీసుకోండి. అది 139 చదరపు మీటర్లు. 2017 నియమాల ప్రకారం చిన్న రోడ్డు మీద 10 మీటర్ల ఎత్తు లోపల కట్టే ఇంటికి ముందు 1.5 మీటర్లు, మిగిలిన మూడు వైపులా 1 మీటరు చొప్పున వదలాలి. అప్పుడు అడ్డం 7.14, నిలువు 12.74 మీటర్లు మిగులుతాయి. గుణించండి. దాదాపు 91. అంటే 48 చదరపు మీటర్లు, స్థలంలో మూడోవంతు పైగా, ఖాళీగా ఉండాలి. గజం ఇన్ని వేలు పెట్టి కొన్న మనిషికి అది కడుపుకోతే. అందుకని పిల్లర్లు హద్దు మీదే లేపుతారు. పక్కవాళ్లూ అదే చేస్తారు. రెండు గోడలకూ మధ్య చెయ్యి కూడా పట్టదు. తర్వాత పైపు పగిలితే బాగుచేయడానికి మనిషి దూరడు, కరెంటు వైరు కాలితే నిచ్చెన పెట్టడానికి చోటుండదు, కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. (ఈ నియమాలకు మధ్యమధ్యలో సవరణలు వస్తుంటాయి. ఇప్పటి లెక్క కావాలంటే మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ ఉంటారు, అడగండి.)

అయినా నన్నడిగితే ఇంటి ప్లాను ఉల్లంఘన కన్నా లేఅవుట్ (నేలను రోడ్లుగా, ప్లాట్లుగా విడగొట్టే పటం) ఉల్లంఘన పదింతలు చెడ్డది. ఇల్లు తప్పుగా కడితే ఒక ఇల్లే. లేఅవుట్ తప్పుగా వేస్తే వీధులకు వీధులే చెడిపోతాయి. పద్ధతి ప్రకారం వేస్తే మొత్తం నేలలో 10 శాతం పార్కులకూ ఆటస్థలాలకూ వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి. 5 ఎకరాలైతే అర ఎకరం, అంటే 50 సెంట్లు. రోడ్లు, కాలువలు, కరెంటు వేసేదాకా 15 శాతం ప్లాట్లు తనఖాలో ఉంటాయి. పని పూర్తయితేనే విడుదల. ఈ తనఖా చాలా తెలివైన ఏర్పాటు. మాట తప్పితే ఆ ప్లాట్లమ్మి పని చేయించవచ్చు.

అనుమతి లేని లేఅవుట్‌లో ఇవేవీ ఉండవు. పొలంలో తెల్లరాళ్లు పాతి, 20 అడుగుల దారి వదిలి, ప్లాట్లు అమ్మేసి పోతారు. కొన్నవాళ్లు ఇళ్లు కట్టుకున్నాక రోడ్డు కావాలి, నీళ్లు కావాలి అని మున్సిపాలిటీకొస్తారు. అడగడం న్యాయమే, వాళ్లూ పన్ను కడుతున్నారు. కానీ 20 అడుగుల్లో రెండు వైపులా కాలువ, నీళ్ల పైపు, కరెంటు స్తంభాలు, మధ్యలో బండి ఎట్లా పడతాయి? చెత్త ట్రాక్టరు మలుపు తిరగదు. 2020లో వచ్చిన క్రమబద్ధీకరణ పథకంలో, వదలని పార్కు జాగాకు బదులు ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. డబ్బు వస్తుంది. ఆ డబ్బుతో అదే కాలనీ నడుమ అర ఎకరం నేల మాత్రం ఎక్కడా దొరకదు.

ఏ నేల ఇళ్లకు, ఏది పరిశ్రమలకు, ఏది చెరువుకు అని చెప్పే రంగుల పటాన్ని మాస్టర్ ప్లాన్ అంటారు. దాన్ని మార్చాలంటే కౌన్సిల్ ఒక్కటే చాలదు, ప్రభుత్వం దాకా పోవాలి. మధ్యలో పేపర్లో ప్రకటన వేసి 15 రోజుల్లో అభ్యంతరాలు చెప్పమంటారు. ప్రకటన చిన్న అక్షరాల్లో, సర్వే నంబర్లతో ఉంటుంది. మీ వీధి పేరు అందులో కనబడదు. మీ ఇంటి సర్వే నంబరు, చుట్టుపక్కల రెండు మూడు నంబర్లు తెలిసుంటేనే "ఇది మన పక్కదే" అని గుర్తుపడతారు.

పేదల ఇళ్ల సంగతి కొంచెమే చెబుతాను. టిడ్కో (పట్టణ పేదలకు ఇళ్లు కట్టే ప్రభుత్వ సంస్థ) అపార్టుమెంట్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో జీ ప్లస్ త్రీగా, అంటే కింది అంతస్తు, పైన మూడు అంతస్తులుగా, కట్టారు. 2020లో పట్టణాల్లో సెంటు చొప్పున స్థలాలిచ్చారు. సెంటంటే 48.4 గజాలు. రెండూ కౌన్సిల్ నిర్ణయాలు కావు. కానీ జనం చేరిన రోజు నుంచి నీళ్లు, దీపాలు, మురుగు ఎక్కువగా మున్సిపాలిటీ మెడకే. తలకు రోజుకు 135 లీటర్లన్నది పట్టణాల ప్రమాణం. 2011 లెక్కల్లోనే మనూరి జనాభా రెండున్నర లక్షలు దాటింది. గుణిస్తే రోజుకు 3 కోట్ల 37 లక్షల లీటర్లు. అన్ని నీళ్లూ పెన్నా అహోబిలం జలాశయం నుంచి పైపుల్లో రావాలి. ఊరి చివర వెయ్యి ఇళ్లు పెరిగాయంటే పైపు పొడవు పెరుగుతుంది, చివరి కుళాయిలో ధార సన్నబడుతుంది.

ఇప్పుడు మీ కళ్ల ముందు జరిగే పని: సీసీ రోడ్డు, పక్కన కాలువ. ముందు ఏఈ (అసిస్టెంటు ఇంజనీరు) వచ్చి కొలిచి అంచనా రాస్తాడు. సాంకేతిక మంజూరు, మొత్తాన్ని బట్టి స్థాయీ సంఘం లేదా కౌన్సిల్ ఆమోదం, టెండరు, ఒప్పందం, పని. చేసిన పని కొలతలు ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కితేనే బిల్లు. కౌన్సిల్ ఎజెండాలో ఇదంతా ఒక్క వరుస. ఫలానా డివిజన్‌లో ఫలానా మలుపు నుంచి ఫలానావారి ఇంటిదాకా కాలువ, అంచనా ఇంత. చెయ్యెత్తితే అయిపోతుంది. వరుసలో లేనిది ఒకటుంది. ఆ ఇంటి తర్వాత నీళ్లు ఎక్కడికి పోవాలి? పెద్ద పనిని ముక్కలు చేసి చిన్న చిన్న అంచనాలుగా రాసే అలవాటొకటి ఉంది. ఒకే కాలువను ముగ్గురు మూడుసార్లు కడితే మూడు అడుగు మట్టాలు వస్తాయి. అతుకు దగ్గర నీళ్లు నిలుస్తాయి, దోమలు అక్కడే పుడతాయి. 200కు 1 వాలు అంటే 100 మీటర్లకు అర మీటరు దిగాలి. మొదటి ముక్కవాడు ఆ అర మీటరు ఎక్కువ తవ్వేశాడంటే చివరివాడికి వంకలో కలపడానికి వాలు మిగలదు.

రోడ్డు లెక్క మీరే వేయవచ్చు. 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం: 60 ఘనమీటర్ల కాంక్రీటు. 6 ఘనమీటర్ల మిక్సర్ లారీ అయితే పది రావాలి. అరుగు మీద కూర్చుని లెక్కపెట్టండి. ఎనిమిదే వచ్చాయంటే మందం 12 సెంటీమీటర్లకు దిగినట్టు. మన ఎండకు ఇంకో ప్రమాదం: వేసిన మర్నాటి నుంచి మట్టికట్టలు కట్టి రెండు వారాలైనా నీళ్లు నిలపాలి. ఒక పూట గోనెపట్ట తడిపి వదిలేస్తే పైన పిండి లేచిపోతుంది. ఇరవై రోజులకే దుమ్ము రాలుతుంటే అదే కారణం.

ఇంకోటి, పాత రోడ్డు తీయకుండా దానిమీదే కొత్తది వేయడం. ప్రతిసారీ పది, పదిహేను సెంటీమీటర్లు లేస్తుంది. మూడుసార్లకు మీ గడప రోడ్డు కన్నా కిందికి పోతుంది. అప్పుడు ఇంటివాళ్లు గడప ముందు కట్ట కడతారు, బండి ఎక్కడానికి కాలువ మీద సిమెంటు ర్యాంపు పోస్తారు. ఇదొక్కటి మాత్రం మనం చేసుకునే పాపమే. కాలువ మీద తీసి పెట్టగలిగే తాడిపత్రి బండలు పరిస్తే పనివాళ్లు గడ్డపారతో ఎత్తి పూడిక లాగుతారు. గట్టిగా పోసేసిన ర్యాంపు కింద పార పోదు. వీధిలో ఇరవై ర్యాంపులుంటే ఇరవై చోట్ల కాలువ మూసుకున్నట్టే.

పని ఎట్లా జరిగిందో కాగితం కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అంచనా, ఎం-బుక్ నకలు అడగవచ్చు. 30 రోజుల్లో ఇవ్వాలి. "రోడ్డు ఎందుకు బాగాలేదు" అని రాస్తే జవాబు రాదు. వీధి పేరు, ఏ సంవత్సరం, ఏ కాగితం అని రాయించండి, మీ పెద్దవాళ్ల చేత సంతకం పెట్టించండి.

ఈసారి మే నెలలో మీ దగ్గర పూడిక తీస్తే తీసిన మట్టిని ఎక్కడ పోశారో చూడండి. తడి ఆరాలని గట్టు మీదే కుప్పలు పోస్తారు. రెండు మూడు రోజులు ఆరనివ్వడం సబబే. తర్వాత ట్రాక్టరు రావాలి. జూన్ మొదటి వానకు ఆ కుప్పలు అక్కడే ఉన్నాయంటే అదంతా మళ్లీ వంకలోకే. కుప్ప ఫోటో తీసి, తేదీ వేసి, మీ సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి చూపించండి. వానకు ముందైతే ఒక ట్రాక్టరుతో పోయే పని అది.

ఇట్లు
మీ తాత