కనుమ రోడ్డు మీద సైకిల్: అపోహలు - వాస్తవాలు

అపోహ: తొడల్లో బలముంటే ఎంతటి ఎక్కుడైనా ఎక్కేయొచ్చు.

వాస్తవం: బలం కన్నా ముందు నిదానం కావాలి. ఇటలీలోని స్టెల్వియో కనుమనే తీసుకోండి. ప్రాటో అనే ఊరి వైపు నుంచి సుమారు 24 కిలోమీటర్ల ఎక్కుడు, 48 హెయిర్‌పిన్ మలుపులు, అంటే రోడ్డు దాదాపు వెనక్కి తిరిగే మలుపులు. పైకి చేరేసరికి సముద్రమట్టానికి 2757 మీటర్ల ఎత్తులో ఉంటాం. మొదట్లో వాలు తక్కువ, కాళ్ళలో సత్తువ ఎక్కువ. చాలామంది అక్కడే పక్కవాళ్ళ వెంటపడి, సగం దారిలో చతికిలపడతారు. నేను అందరికీ చెప్పేది ఒకటే: మొదటి సగమంతా ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగుతోందంటే వేగం తగ్గించండి.

అపోహ: చిన్న గేర్ వాడితే చేతకానట్టు.

వాస్తవం: ఈ మాట విని మోకాళ్ళు పాడుచేసుకున్నవాళ్ళను చూస్తే బాధేస్తుంది. చైన్ తిరిగే పళ్ళ చక్రాలకు ముందు 34 పళ్ళు, వెనక 34 పళ్ళు ఉంటే పెడల్ ఒక చుట్టుకి వెనక టైరూ ఒక్క చుట్టే తిరుగుతుంది, అంటే దాదాపు 2.1 మీటర్లు. నిమిషానికి 70 చుట్లు తిప్పితే గంటకు 9 కిలోమీటర్ల లోపు. నిటారు ఎక్కుడులో అది మంచి వేగమే. హెయిర్‌పిన్ లోపలి అంచున వాలు ఒక్కసారిగా లేస్తుంది కాబట్టి అక్కడికి రాకముందే గేర్ మార్చుకోవాలి. చైన్ మీద భారం పడ్డాక మార్చబోతే అది పట్టేస్తుంది.

అపోహ: తేలికైన సైకిల్ కొంటే సగం కష్టం తీరినట్టే.

వాస్తవం: కిలో బరువు తగ్గితే, రెండు గంటల ఎక్కుడులో కలిసొచ్చేది నిమిషమో, నిమిషంన్నరో.

అపోహ: ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుంది, ఫిట్‌గా ఉన్నవాళ్ళకు అదేం పట్టదు.

వాస్తవం: రెండూ తప్పే. ఆక్సిజన్ ఎక్కడైనా దాదాపు 21 శాతమే, తగ్గేది గాలి పీడనం. స్టెల్వియో పైన అది పావు వంతుకు పైగా తగ్గుతుంది. లద్దాఖ్‌లో 5300 మీటర్లు దాటిన ఖర్దుంగ్ లా కనుమ మీద దాదాపు సగమే మిగులుతుంది. అందుకే లేహ్‌లో కొన్ని రోజులు ఉండి, ఒళ్ళు అలవాటుపడ్డాకే బయల్దేరాలి. ఎంత శిక్షణ ఉన్నా ఎత్తు జబ్బు రావచ్చు. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి వెళ్ళకండి. అడుగులు తడబడినా, మాట తేడాగా వచ్చినా వెంటనే కిందికి దిగాల్సిందే, ఒంటరిగా మాత్రం కాదు.

అపోహ: పైకి చేరితే కష్టం అయిపోయినట్టే.

వాస్తవం: చెమటకు తడిసిన జెర్సీతో దిగితే వేళ్ళు కొయ్యబారి బ్రేక్ అందదు. ఆగగానే జాకెట్, గ్లవ్స్ వేసుకోండి. దిగేటప్పుడు బ్రేక్ అదేపనిగా పట్టి ఉంచొద్దు. చక్రం అంచును (రిమ్) పట్టే బ్రేక్ అయితే రిమ్ వేడెక్కి ట్యూబ్ పేలొచ్చు, డిస్క్ బ్రేక్ అయితే పట్టు తగ్గొచ్చు. సైకిల్ ఇంకా నిటారుగా ఉండగానే, మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి, తిరిగేటప్పుడు వదిలేయండి.