కరువు పైనుంచి దిగుతుంది

అనంతపురం జిల్లా నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: “ఆషాఢమంతా మా ఊరి మీదుగా మబ్బులు పరుగెడుతూనే ఉంటాయండీ. గాలిమరలు ఆగకుండా తిరుగుతాయి. వాన మాత్రం పడదు. గాలిలో తేమే లేకపోతే ఆ మబ్బులు ఎక్కడివి?”

చాలా మంచి ప్రశ్న. జులైలో అనంతపురం మీదుగా వీచే గాలి అరేబియా సముద్రాన్ని దాటి వచ్చినదే. పడమటి కనుమల మీద, ఆగుంబె వంటి చోట్ల, ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా కురిపించేది ఆ గాలే. కనుమలు దిగి అనంతపురం చేరేసరికి కొంత ఎండినా, ఆవిరి ఇంకా మిగిలే ఉంటుంది. అయినా అక్కడి ఏడాది వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. లోటు ఆవిరిది కాదు. ఆ గాలి పైకి లేవడానికి వీల్లేకుండా దాని నెత్తిన మరో గాలి దిగుతోంది.

బడి పుస్తకంలో నీటి చక్రం బొమ్మ గుర్తు చేసుకోండి. సముద్రం నుంచి ఆవిరి లేస్తుంది, మబ్బవుతుంది, వానగా పడుతుంది, నదిగా పారి మళ్ళీ సముద్రంలో కలుస్తుంది. పైకి లేచిన గాలి తర్వాత ఏమవుతుందో చూపే బాణం అందులో ఉండదు. ఆ ఒక్క బాణం గీస్తే పిల్లలకు కరువు సగం అర్థమవుతుంది. లేచిన గాలి ఎక్కడో ఒకచోట దిగి తీరాలి కదా!

సైకిల్ పంపు మూతికి వేలు అడ్డుపెట్టి నాలుగుసార్లు గట్టిగా కొట్టండి. గొట్టం వేడెక్కుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది. పైనుంచి దిగే గాలిని కిందనున్న ఎక్కువ పీడనం అలాగే నొక్కుతుంది. కిలోమీటరు దిగితే దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ వేడి పెరుగుతుంది. 5 కిలోమీటర్ల ఎత్తున, మైనస్ 5 డిగ్రీల దగ్గర, 100 శాతం ఆర్ద్రతతో ఉన్న గాలిని తీసుకుందాం. దారిలో వేడి కోల్పోకుండా అది 2 కిలోమీటర్ల ఎత్తుకు దిగితే 24, 25 డిగ్రీలకు చేరుతుంది. అందులోని ఆవిరి ఒక్క గ్రాము తగ్గలేదు. కానీ వేడెక్కిన గాలి ఇముడ్చుకోగల ఆవిరి ఎన్నో రెట్లు పెరిగింది కనుక, ఆర్ద్రత సుమారు 20 శాతానికి పడిపోతుంది. ఈ వెచ్చని పొడిగాలి ఒక మూతలా పరుచుకుంటుంది. కింది నుంచి లేచే మబ్బు దాన్ని తాకి చదునైపోతుంది. పాఠకుడు చూసిన మబ్బులు ఇవే.

పంపును కొట్టే చేయి మనది. మరి ఆకాశంలో కొట్టేది ఎవరు? ఎక్కడో కురుస్తున్న వాన! అక్కడ ఆవిరి నీరుగా మారుతూ విడుదల చేసే వేడే గాలిని పైకి తోస్తుంది, ఆ లేచినదే మరోచోట దిగుతుంది. పంపుకూ ఆకాశానికీ తేడా వేగంలో ఉంది. ఉరుముల మేఘంలో గాలి సెకనుకు అనేక మీటర్ల వేగంతో లేచి గంటలోపే 12 కిలోమీటర్లు ఎక్కగలదు. దిగే గాలికి ఆ వేగం లేదు. దిగుతూ వేడెక్కిన కొద్దీ అది చుట్టూ ఉన్న గాలి కంటే తేలికై ఆగిపోతుంది. ఆ వేడిని అంతరిక్షంలోకి వదిలితేనే ఇంకొంచెం దిగగలదు. అలా చల్లబడేది రోజుకు ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు మాత్రమే కనుక, దిగేది రోజుకు కొన్ని వందల మీటర్లే. గంటలో ఎక్కిన గాలి నేల చేరడానికి నెల పడుతుంది. ఎక్కిన గాలీ దిగిన గాలీ లెక్క సరిపోవాలంటే దిగే చోటు విశాలంగా ఉండాలి. అందుకే వాన ఇరుకైన చోట కురుస్తుంది, కరువు రాష్ట్రాలకు రాష్ట్రాలు పరుచుకుంటుంది.

ఈ సంబంధం ఖండాలు దాటుతుంది. బంగాళాఖాతం చుట్టూ మన రుతుపవనం కురిపించే వానల వల్ల పుట్టే వేడి, మనకు పడమటనున్న సహారా ఎడారి తూర్పు భాగం, మధ్యధరా ప్రాంతాల మీద గాలి దిగేలా చేస్తుందని 1996లో రాడ్‌వెల్, హాస్కిన్స్ అనే వాతావరణ శాస్త్రవేత్తలు చూపించారు. మన వానాకాలమే వాళ్ళ ఎండాకాలాన్ని ఇంకా ఎండగడుతుందన్నమాట!

మనకు దెబ్బ తగిలేది పసిఫిక్ నుంచి. మామూలు ఏళ్ళలో ఇండోనేషియా దగ్గరి వెచ్చని సముద్రం మీద గాలి లేచి, దక్షిణ అమెరికా వైపు దిగుతుంది. ఎల్ నినో ఏడాదిలో ఆ వెచ్చదనం తూర్పుకు జరుగుతుంది. అప్పుడు దిగే భాగం ఇండోనేషియా మీదికి, ఒక్కోసారి మన మీదికి వస్తుంది. లక్షలాది ప్రాణాలు తీసిన 1876-78 ధాత కరువు వెనుక అతి బలమైన ఎల్ నినో ఉంది. 1904లో భారత వాతావరణ శాఖ బాధ్యత తీసుకున్న గిల్బర్ట్ వాకర్, కరువును ముందే పసిగట్టాలని ప్రపంచమంతటి పీడనాల లెక్కలు కట్టించి, ఈ పసిఫిక్ ఊగిసలాటను పట్టుకున్నారు. అయితే ఎల్ నినో వస్తే మనకు కరువు ఖాయమని పత్రికలు రాయడం తప్పు. 1997లో అతి బలమైన ఎల్ నినో వచ్చినా దేశంలో వర్షం సాధారణమే. 2002లో వచ్చింది మధ్యస్థమే, కానీ జులై వాన దాదాపు సగానికి పడిపోయింది. 1997లో వేడి పసిఫిక్ తూర్పు చివర ఉంది, 2002లో నడిమికి ఉంది. వేడి నడిమికి వస్తే దిగే గాలి సరిగ్గా మన నెత్తిన పడుతుంది. పైగా 1997లో హిందూ మహాసముద్రపు పడమటి భాగం వేడెక్కి మనకు అండగా నిలిచింది.

కరువు రకాల సంగతి చెప్పాలంటే, ఒక ప్రాంతంలో వర్షం లోటు 26 శాతం చేరితే వాతావరణ శాఖ దాన్ని వాతావరణ కరువు అంటుంది. చెరువులు, బోర్లు ఎండడం నెలల తర్వాత కనిపించే జల కరువు. నన్ను ఎక్కువ బాధించేది మూడోది, సేద్యపు కరువు. మొత్తం వర్షం సాధారణమని లెక్క తేలిన ఏడాదిలోనే వేరుశనగ ఊడలు దిగే వేళ మూడు వారాలు బెట్ట పడుతుంది. లోతు లేని ఎర్రనేల పదును అంతకాలం నిలపలేదు. లెక్కల్లో కరువు ఉండదు, చెట్టుకు కాయ ఉండదు.

వాన కోసం విరాటపర్వం చదివించడం, కప్పలకు పెళ్ళి చేయడం మన ఊళ్ళలో ఉన్నదే. వాటి తర్వాత వాన పడిన మాట కూడా చాలాసార్లు నిజమే. రుతుపవనానికి 30 నుంచి 60 రోజుల లయ ఉంది. బెట్ట ముదిరాకే ఊరు పూనుకుంటుంది, అప్పటికి ఆ లయ మలుపు తిరిగే సమయం దగ్గరపడి ఉంటుంది. మేఘమథనానికీ ఇదే పరీక్ష పెట్టాలి. పైకి లేస్తున్న మబ్బులో రసాయనం చల్లితే ఏమైనా ఫలితం ఉండవచ్చు. దిగే గాలి కింద చదునైన మబ్బులో చల్లితే డబ్బు వృథా.

ఇక ఆ పాఠకుడికి జవాబు. మధ్య భారతంలో వానలు జోరుగా ఉన్నప్పుడే మీ దగ్గర పడమటి గాలి ఉధృతమవుతుంది, మరలు జోరుగా తిరుగుతాయి, మబ్బు నిలవదు. వానలను మోసే తక్కువ పీడనపు పట్టీ, అంటే అల్పపీడన ద్రోణి, హిమాలయాల పాదాల వైపు జరిగినప్పుడు మధ్య భారతం ఎండుతుంది, మీ దగ్గర గాలి తగ్గి సాయంత్రాలు ఉరుముల వాన పడే అవకాశం పెరుగుతుంది. సెప్టెంబరులో మీకు ఎక్కువ వాన పడేదీ పడమటి గాలి సడలడం వల్లే. వాతావరణ శాఖ బులెటిన్‌లో ద్రోణి ఎక్కడుందో రోజూ చూడండి. విత్తనం వేయడానికి గాలిమరల వేగం తగ్గే రోజుల కోసం కనిపెట్టుకుని ఉండండి.