మనిషి తవ్విన గోతుల్లో కొంగల కాపురం

ఇంగ్లండ్ తూర్పు అంచున ఉన్న కౌంటీ నార్ఫోక్. ఉత్తరాన, తూర్పున సముద్రమే. కొండలన్నవి లేవు, అన్నిటికన్నా ఎత్తైన చోటు కూడా సముద్రమట్టానికి నూరు మీటర్ల పైచిలుకే. బ్రిటన్‌లో పక్షులంటే ఇష్టపడేవారు ముందుగా తలచుకునే చోట్లలో ఇదొకటి. ఇక్కడి చిత్తడి నేలలను చూసి, మనిషి చెయ్యి పడని ప్రకృతి అని మురిసిపోయేవారు చాలామందే ఉన్నారు. నాకు మాత్రం ఆ పొగడ్త మింగుడుపడదు. నార్ఫోక్ పక్షులు కాపురముండే చోట్లలో చాలావరకు మనిషి తన అవసరం కోసం తవ్వినవీ, కోసినవీ, పశువులను మేపినవీ.

బ్రాడ్స్ అని పిలిచే సరస్సులనే తీసుకోండి. ఇవి సహజంగా ఏర్పడ్డాయనే చాలాకాలం నమ్మారు. 1950లలో జాయిస్ లాంబర్ట్ అనే వృక్షశాస్త్రవేత్త అడుగు మట్టిలోకి గొట్టాలు దించి పొరలను పరిశీలించారు. ఒడ్డులు గోడల్లా నిట్టనిలువుగా, అడుగు చదునుగా ఉన్నాయి. నది అలా కోయదు. మధ్యయుగంలో జనం పొయ్యిలోకి పీట్ కోసం, అంటే కుళ్లిన మొక్కలతో ఏర్పడి ఎండితే మండే నల్లమట్టి కోసం, తరతరాలుగా తవ్విన గోతులివి. తర్వాత నీటిమట్టం పెరిగి అవి మునిగిపోయాయి. ఆ నీటి అంచుల్లో రెల్లు అల్లుకుంది. మన కొల్లేటి కిక్కిసకు అది దగ్గరి చుట్టం.

ఆ రెల్లులోనే బిట్టర్న్ ఉంటుంది. గోధుమరంగు చారల కొంగ ఇది. అలికిడి అయితే ముక్కు ఆకాశానికెత్తి, గాలికి రెల్లు ఊగినట్టే తానూ ఊగుతుంది. ఎదురుగా ఉన్నా కనిపించదు. వసంతంలో మగపక్షి కూత ఖాళీ సీసా మూతిలో ఊదినట్టు బొంగురుగా, కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. చిత్తడి నేలలు ఎండగట్టడం, వేట, గుడ్ల సేకరణ అన్నీ కలిసి 19వ శతాబ్దం చివరికి బ్రిటన్‌లో దీని సంతానం ఆగిపోయింది. 1911లో ఎమ్మా టర్నర్ అనే ఫొటోగ్రాఫర్, జిమ్ విన్సెంట్ అనే కాపలాదారు బ్రాడ్స్‌లోనే మళ్లీ ఒక పిల్లను కనుగొన్నారు. ఆ తర్వాత సంఖ్య పెరిగి, మళ్లీ పడిపోయింది. 1997 నాటికి దేశం మొత్తం మీద కూత పెట్టే మగపక్షులు 11 మాత్రమే.

రెండోసారి పడిపోవడానికి ఒక ముఖ్య కారణం తుపాకీ కాదు, రెల్లు కోత తగ్గిపోవడం. నార్ఫోక్ రెల్లును ఇళ్ల కప్పులకు వాడేవారు, ఏటా చలికాలంలో కోసేవారు. కోత ఆగితే ఎండుటాకు పేరుకుంటుంది, నేల పైకి లేస్తుంది, నీరు తగ్గుతుంది. ఆ తర్వాత విల్లో, ఆల్డర్ చెట్లు మొలిచి రెల్లుబీడు అడవిగా మారిపోతుంది. బిట్టర్న్‌కు కావలసింది చేపలు తిరిగే తడి రెల్లు. కాబట్టి మళ్లీ కోయడం, తవ్వడం, నీరు నిలపడం మొదలుపెట్టారు. ఇప్పుడు కూత పెట్టే మగపక్షులు రెండు వందలు దాటాయి. కొన్ని చోట్ల ప్రకృతిని దాని మానాన వదిలేయడమే దానికి చేసే అన్యాయం.

అదే రెల్లులో రీడ్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట ఆఫ్రికా నుంచి వచ్చి, కాడల మధ్య గిన్నెలాంటి గూడు అల్లుతుంది. ఆ గూటిలో కుకూ గుడ్డు పెట్టి పోతుంది. మన కోకిల కాకిని మోసగించినట్టే, ఇది తనకన్నా ఎన్నో రెట్లు చిన్నదాన్ని మోసగిస్తుంది. అతిథి గుడ్డు ఆతిథేయి గుడ్ల రంగుకు చాలా దగ్గరగా ఉంటుంది. 2011 నుంచి కుకూలకు ఉపగ్రహ పరికరాలు కట్టి గమనించగా, అవి కాంగో అడవుల్లో చలికాలం గడుపుతున్నాయని తేలింది. ఆ పని చేస్తున్న పక్షి పరిశోధన సంస్థ బీటీవో కార్యాలయం నార్ఫోక్‌లోని థెట్‌ఫర్డ్‌లోనే ఉంది.

థెట్‌ఫర్డ్ చుట్టూ ఉన్న ఇసుక నేలే బ్రెక్‌లాండ్. మధ్యయుగంలో ఇక్కడ మాంసం కోసం, బొచ్చు కోసం కుందేళ్లను పెంచారు. అవి గడ్డిని మొదలంటా కొరికితే రాళ్లు తేలిన బోడి నేల మిగిలేది. పెద్ద పసుపు కళ్ల స్టోన్ కర్లూ అనే పక్షికి అలాంటి నేలే ఇష్టం. 1950లలో మిక్సమటోసిస్ అనే జబ్బు వచ్చి కుందేళ్లు చనిపోవడంతో గడ్డి పెరిగిపోయింది, పక్షి తగ్గింది. ఇప్పుడది పొలాల్లోనే గుడ్లు పెడుతోంది. రైతులు ఆ చోట్లను గుర్తించి ట్రాక్టర్‌ను పక్కకు తిప్పుతారు. పక్కనే 1922 నుంచి నాటిన పైన్ తోటల్లో, చెట్లు నరికిన ఖాళీల్లో నైట్‌జార్‌లు అనే రాత్రి తిరిగే పక్షులు చేరాయి.

చలికాలంలో గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్‌ల నుంచి గులాబీ కాళ్ల బాతులు వేల సంఖ్యలో వస్తాయి. రాత్రి వాష్ అఖాతపు బురదలో, పగలు చక్కెర దుంప పొలాల్లో. దుంప తీశాక మిగిలిన ఆకులు, ముక్కలే వాటి తిండి. పంట తీసిన వెంటనే దున్నేస్తే అవి పక్కనున్న గోధుమ చేలో వాలతాయి, అప్పుడు రైతుకు కోపం వస్తుంది. అదే అఖాతపు ఒడ్డున స్నెట్టిషమ్ దగ్గర పెద్ద పోటు వచ్చి బురద మునిగితే, వేలాది నాట్ పక్షులు కంకర తవ్విన పాత గుంటల చుట్టూ తలదాచుకుంటాయి.

ఇక రాబిన్, బ్లాక్‌బర్డ్, రెన్ పెరటి కంచెల్లోనే దొరుకుతాయి. వాటి కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. చేలో నేలమీదే గూడు కట్టే స్కైలార్క్ పరిస్థితి వేరు. శరదృతువులో విత్తిన గోధుమ వేసవికి మరీ దట్టమైపోయి, రెండో కాన్పుకు చోటుండదు. అందుకే చేలో అక్కడక్కడ విత్తకుండా చిన్న ఖాళీలు వదలమని రైతులను అడుగుతున్నారు.

తీరంలోని క్లే చిత్తడిని 1926లో కొని నార్ఫోక్ సంరక్షణ ట్రస్టు మొదలైంది. దేశంలో ఇలాంటి మొదటి కౌంటీ ట్రస్టు అదే. 2013 డిసెంబరు ఉప్పెనలో దాని మీదుగా సముద్రం పారింది. మంచినీటి రెల్లుకు తీరం ఇక భరోసా కాదు. అందుకే కొత్త రెల్లును లోపలి నేలల్లో పెంచుతున్నారు. సరిహద్దు దాటితే సఫోక్‌లోని లేకెన్‌హీత్‌లో 1995 నుంచి క్యారెట్ పొలాలను కొని నీళ్లు పెట్టారు. 2007లో అక్కడ సారస కుటుంబానికి చెందిన క్రేన్‌లు గూడు కట్టాయి. ఫెన్స్ అనే ఆ విశాలమైన చిత్తడి ప్రాంతంలో దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత అదే మొదటిసారి.