"ఏం లేదు సార్" అనేసి లేచిపోకండి: ఇంటర్వ్యూలో మనం అడగాల్సిన ప్రశ్నలపై అపోహలు, వాస్తవాలు

ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పిల్లల్ని ఇంటర్వ్యూ చేయడం పన్నెండేళ్లుగా నా పని. ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్ ఉద్యోగం. చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటాం. చాలామంది అప్పటికే ఫైలు చంకన పెట్టుకుని సగం లేచి ఉంటారు. "ఏం లేదు సార్" అని దండం పెట్టి వెళ్లిపోతారు.

అపోహ: ప్రశ్న వేస్తే పొగరు అనుకుంటారు.

పెద్దవాళ్లకి ఎదురు ప్రశ్న వేయకూడదని మనకి ఇంట్లోనే నూరిపోస్తారు కదా, ఆ భయమే ఇది. నిజానికి ఏమీ అడగని కుర్రాణ్ని చూస్తే, ఈ ఉద్యోగం వచ్చినా రాకపోయినా వీడికి ఒకటేనేమో అనిపిస్తుంది నాకు. ఒకసారి గుణుపురం కుర్రాడొకడు, మెకానికల్ డిప్లొమా, "ఈ పోస్టులో ఇంతకుముందు ఉన్నాయన ఏమయ్యారు సార్?" అన్నాడు. నా పక్కనున్న మెయింటెనెన్స్ ఇంజనీరు నవ్వేశారు. ఎందుకంటే అంతకుముందు ఇద్దరు వరసగా మానేశారు, రాత్రి షిఫ్టులో ఒంటరిగా పంపులు చూసుకోలేక. ఆ మాట దాచకుండా చెప్పాం. "తోడు హెల్పర్ని ఇస్తారా?" అని అడిగాడు. ఇచ్చాం. ఇప్పటికీ ఉన్నాడు.

అపోహ: నెట్‌లో చూసి పెద్ద ప్రశ్న ఒకటి బట్టీ పట్టుకెళ్తే ఇంప్రెస్ అవుతారు.

అవరు. షిఫ్టు ఆపరేటర్ పోస్టుకి వచ్చి "అయిదేళ్లలో కంపెనీ విజన్ ఏమిటి?" అంటే మేం ముగ్గురం ముఖముఖాలు చూసుకుంటాం. "మొదటి నెల నాకు పని నేర్పేది ఎవరు?" అని అడగండి చాలు.

అపోహ: జీతం గురించి ఎత్తకూడదు.

మొదటి మాటే అది కాకపోతే చాలు. పని గురించి మాట్లాడుకున్నాక అడగండి. అయితే "ఎంతిస్తారు?" అంటే సరిపోదు. "చేతికి ఎంతొస్తుంది?" అనాలి. ఒక లెక్క చూడండి. బేసిక్ 10,000, ఇంటి అద్దె అలవెన్సు 6,000. బేసిక్ మీద కంపెనీ కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) 12 శాతం, అంటే 1,200. దాన్నీ కలిపి మీకు 17,200 అని చెబుతారు. మీ వాటా పీఎఫ్ ఇంకో 1,200 మీ 16,000లోంచి పోతుంది. చేతికి 14,800. ఈఎస్‌ఐ (వైద్య బీమా) కోత ఇంకా వేరు. ఇందులో మోసమేమీ లేదు, పీఎఫ్ మీ డబ్బే. కానీ 17,200 వస్తుందని ఇంట్లో చెప్పి, రాయగడలో గది అద్దెకి తీసుకున్నవాడు మొదటి నెలే నా దగ్గరికొచ్చి "సార్, తప్పు పడింది" అంటాడు.

"పీఎఫ్ ఉందా? నేను నేరుగా కంపెనీ రోల్స్ మీదా, కాంట్రాక్టరు కిందా? ఓవర్‌టైమ్ ఎలా కడతారు?" ఇవి కూడా అడగొచ్చు. కాంట్రాక్టరు కిందైతే ఆయన పేరేమిటో, జీతం ఏ తారీఖున వేస్తారో కూడా అడగండి. గేటు లోపల చేసేది ఒకే పనైనా, జీతం వేసేది ఆయన.

అపోహ: భాష సంగతి ఎత్తితే మన లోపం బయటపడుతుంది.

ఇది మన సరిహద్దు పిల్లలకే ఉన్న టెన్షన్. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే ఆగిపోతారు. విశాఖలో ఇంటర్వ్యూకి వెళ్తే తెలుగువాడివే కదా అని తెలుగు ఫారం చేతిలో పెడతారు. అటు శ్రీకాకుళం నుంచి ఇటు వచ్చేవాళ్లకి ఒడియా బోర్డు చదవడం రాదు. సిగ్గెందుకు? "లాగ్‌బుక్ ఏ భాషలో రాయాలి సార్? పనివాళ్లతో ఏ భాష మాట్లాడాలి?" అని ముందే అడిగేయండి. రాయగడ వైపు ప్లాంటులో ఒడియా, తెలుగు, హిందీ కలగలిసి నడుస్తాయి, కువి అనే గిరిజన భాష మాట్లాడేవాళ్లూ ఉంటారు. ఒడియా, తెలుగు రెండూ మాట్లాడగలిగే సూపర్‌వైజర్ మాకు ఎంత అవసరమో మీకు తెలీదు. చేరిన వారానికి దొరికిపోయేకంటే "తెలుగు మాట్లాడతాను, రాయడం రాదు" అని గదిలోనే చెప్పడం మేలు.

షిఫ్టులూ అంతే. బీ షిఫ్టు (రెండో షిఫ్టు) రాత్రి పదింటికి ముగిస్తే ఊరికెళ్లే బస్సు ఉండదు. కంపెనీ బండి ఎంతవరకు వస్తుందో అడగండి.

అపోహ: ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే మారుమాట్లాడకుండా ఇచ్చేయాలి.

నేనూ అలాగే ఇచ్చాను, నా మొదటి ఉద్యోగంలో. విశాఖలో చిన్న ఆఫీసు. రసీదు అడగలేదు, ఎప్పుడిస్తారనీ అడగలేదు. ఏడు నెలలకి ఇంకోచోట పిలుపొచ్చింది, ఒరిజినల్స్ తెచ్చుకోమన్నారు. వీళ్లేమో బీరువా తాళం మేనేజరు దగ్గరుందని మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి చేతికొచ్చేసరికి అక్కడ వేరేవాళ్లు చేరిపోయారు.

ఒరిజినల్స్ చూపించండి, సంతకం పెట్టిన జిరాక్సులు ఇవ్వండి. ఉంచుకుంటామని అంటే "రసీదు ఇస్తారా సార్, ఏ తారీఖున తీసుకోవాలి?" అని అడగండి. బాండ్ ఉందంటే ఎన్నాళ్లకో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో అడిగి, కాగితం ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం పెట్టండి.